వెలిసిపోయే పరికిణీ

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. ఒత్తులూ దీర్ఘాలూ నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. పొద్దున్నే ఒక పేజీ రాద్దామని కూర్చుంటే, అది పూర్తయ్యేసరికి అన్నానికి ఎసరు పెట్టే వేళవుతుంది. అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. తప్పులు దిద్దిపెడతానని మా కోడలు అంది గానీ, ఆమె దిద్దితే ఆమె కథ అయిపోతుందని ఇవ్వలేదు. నేను నెమ్మదిగా రాశాను. మీరూ నెమ్మదిగానే చదవండి.

నేను అక్షరాలు నేర్చుకున్నది కథలు రాయడానికి కాదు, మా మనవరాలితో మాట్లాడటానికి. వకుళ పుట్టుకతోనే వినలేని పిల్ల. బెజవాడలో ఆపరేషన్ చేసి తలలో ఏదో అమర్చారు. చెవి వెనక ఒక మిషను, దాన్నుంచి తీగ, ఆ తీగ చివర తలకు అయస్కాంతంలా అతుక్కునే బిళ్ళ. మిషనులో బ్యాటరీ ఉన్నంతసేపూ పిల్లకు వినబడుతుంది. అయిపోతే లేదు. మా ఊళ్ళో ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. బ్యాటరీ సగమే నిండేది. బళ్ళో మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి దానికి లోకమంతా మూగబోయేది. ఇంటికొచ్చి పలక మీద ఏదో రాసి నాకు చూపించేది. నాకు చదవడం రాదు. నేను బొమ్మ వేసి చూపిస్తే అది విసుక్కునేది. అందుకని నేనూ పలక పట్టాను.

మాటలు నేర్పే జ్యోతిర్మయి మేడమ్ బందరు నుంచి వచ్చి పిల్లను చూసి వెళ్తుంటుంది. ఆమె మా కోడలితో ఒకటే మాట చెప్పింది. "మాటలు పట్టే వయసు ఇదేనమ్మా. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా వినాలి. పూటంతా విని పూటంతా మానేస్తే పట్టిన మాట కూడా జారిపోతుంది. తర్వాత ఎంత విన్నా రాదు."

బజారులో దొరికే సోలారు పలక ఒకటి తెచ్చి మా అబ్బాయి సాంబశివ పిల్ల వీపుకు కట్టాడు. బళ్ళో పిల్లలు తాబేలూ తాబేలూ అన్నారట. అన్నది అప్పటికి వినబడింది కూడాను. ఇంటికొస్తూ దాన్ని విప్పి కాలవలో పారేసింది.

"ఒంటికి చుట్టుకునేది కావాలత్తయ్యా. గుడ్డలాంటిది," అంది మా కోడలు ప్రసూన.

ప్రసూన బందరు కాలేజీలో ల్యాబులో పని చేస్తుంది. ప్రయోగాలకు సామాను సర్దిపెట్టడం, కడిగి దాచడం ఆమె పని. ఒక ఆదివారం వంటింట్లో పగిలిన కిటికీ అద్దం ముక్కలు పరిచింది. గోడలకేసే తెల్లరంగు పొడి, ఆముదం దీపం, మందుల షాపులో కొన్న టింక్చరు అయోడిన్ సీసా, గిన్నెలో పిసికిన నేరేడు పళ్ళు పక్కన పెట్టుకుంది. పొడిని వెనిగరుతో నూరి ఒక అద్దానికి పూసింది. దాన్ని అట్లపెనం మీద పెట్టి కాల్చింది. చల్లారాక నేరేడు రసంలో ముంచింది. రెండో అద్దాన్ని ఆముదం దీపం మీద పట్టి మసి పట్టించింది.

"పౌడరు రాసి, కాటుక పెట్టి, పుండుకు మందేసి... ఇదేంటే? సోలారా, చంటిపిల్లకు స్నానమా?" అన్నాను.

"ఉండండత్తయ్యా!"

రెండు అద్దాల మధ్య టింక్చరు చుక్క వేసి, బట్టల క్లిప్పులు పెట్టి ఎండలోకి తీసుకెళ్ళింది. కరెంటు కొలిచే మీటరు తీగలు తగిలించింది. ముల్లు వణికి, ఒక్కసారిగా పక్కకు జరిగింది. మా కోడలు కోడిపిల్లలా గెంతింది. ఎంఎస్సీ చదివిన పిల్ల అలా గెంతడం నేనెప్పుడూ చూడలేదు.

"ఎలా వచ్చిందే?" అన్నాను.

"రంగు ఎండను పట్టుకుంటుంది అత్తయ్యా. పట్టుకున్నదాన్ని తెల్లపొడి దాని చేతిలోంచి లాక్కుని తీగలోకి తోసేస్తుంది. అది మిషన్ నడిపి, మసి దారిన తిరిగొస్తే, టింక్చరు మళ్ళీ రంగు చేతిలో పెడుతుంది. తిరగలిలాగా, అంతే."

అద్దాన్ని పిల్లకు తొడగలేం. కాబట్టి గుడ్డ మీద చెయ్యాలి. గుడ్డకు మా ఇంట్లో కరువు లేదు. ఇంటి వెనకే కాలవగట్టున మా అద్దకం కార్ఖానా. మా ఆయన చెక్క అచ్చులతో పూలూ లతలూ అద్దేవాడు. ఆయన పోయాక ఆ పని ఆయనకు తమ్ముడి వరసయ్యే కోటిలింగం చూస్తున్నాడు. రంగు ఉడకబెట్టడం, కాలవలో జాడించడం, గట్టున ఆరేయడం మొదట్నుంచీ నా పని. మా కార్ఖానాకున్న పేరల్లా ఒక్కటే, మా రంగు వెలవదు. చీర చిరగొచ్చు, దాని మీది పువ్వు మాత్రం అలాగే ఉంటుంది.

ప్రసూన కరెంటు పారడానికి జరీ పోగులు కలిపి నేసిన గుడ్డకు తెల్లపొడిని తుమ్మబంకతో కలిపి పూసింది. లోపలివైపు మసి. అద్దం మీద తెలిసిన పనే గానీ గుడ్డ మీద ఎవరూ నిలబెట్టలేకపోయారట. పూసిన పూత రాలకుండా, మడిచినా పగలకుండా రావడానికి ఆమె ఎన్ని ఆదివారాలు పాడుచేసిందో నేను చెప్పలేను. చివరికి నిలబడిన ముక్కను నా చేతికిచ్చి, "ఎర్రరంగు వేసి ఇవ్వండి. వకుళకు ఎరుపంటే ప్రాణం," అంది.

కరక్కాయ నీళ్ళలో నానబెట్టాను. గేదెపాలు పట్టించాను. చిరివేరుతో, అదే మా ఎర్రరంగు వేరు, పటిక వేసి నిదానంగా ఉడకబెట్టాను. దానిమ్మ గింజలా వచ్చింది. దాన్ని ఎండలో పెట్టి మీటరు తగిలిస్తే ముల్లు కదల్లేదు.

ప్రసూన పొడి మార్చింది. నేను మళ్ళీ రంగు వేసిచ్చాను. ముల్లు కదల్లేదు. టింక్చరు మార్చింది. నేను ఈసారి గుడ్డ ముడతలు పడకుండా గంజి కూడా పెట్టి ఇచ్చాను. గంజికి టింక్చరు తగలగానే గుడ్డంతా నల్లటి నీలంగా మారిపోయింది. ఆమె తల పట్టుకుని కూర్చుంది.

"అత్తయ్యా, అసలు మీరు దీనికేం చేస్తున్నారు?"

"ఏం చేస్తాను, ఎప్పుడూ చేసేదే. కరక్కాయ, పాలు, పటిక..."

"పటికా? పటికెందుకు?"

"పటిక లేకపోతే రంగెలా నిలుస్తుందే?"

"నిలవకూడదత్తయ్యా! రంగు ఆ పొడి మీద ఊరికే ఆని కూర్చోవాలి. మీ పటిక దాన్ని గుడ్డకు కట్టేసి కూర్చోబెడుతోంది. ఇక అది ఎండను ఎవరి చేతికిస్తుంది?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్ళలో నిలవని రంగు వెయ్యమని నన్నెవరూ అడగలేదు. సరే, పటిక లేకుండా బానలో వేర్లు వేసి మంట పెట్టి, కొబ్బరాకులు తేవడానికి పక్కకు వెళ్ళాను. తిరిగొచ్చి తీస్తే మళ్ళీ దానిమ్మ గింజే. మళ్ళీ ముల్లు కదల్లేదు. ప్రసూన నా వంక చూసింది.

"ఒట్టే, నేను వెయ్యలేదు," అన్నాను.

అప్పుడు అచ్చుల బల్ల దగ్గర్నుంచి కోటిలింగం అన్నాడు. "పెద్దదానివైపోతున్నావు వదినా. పటిక మర్చిపోయావు. చూశాను కాబట్టి సరిపోయింది, నేనే ఒక గుప్పెడు వేశాలే."

ఇద్దరం నేల మీద కూలబడి నవ్వాం. విషయం చెప్పేసరికి ఆయన మొహం మాడిపోయింది.

"వెలిసే గుడ్డా? మన కార్ఖానాలోనా?"

"అమ్మడానికి కాదయ్యా, మన పిల్లకే."

"పిల్ల నలుగురిలోకీ వెళ్ళదా? ఎవరద్దారంటే నా పేరు చెప్పరా? మీ ఆయనుంటే ఈ మాట అనేదానివా వదినా?"

"ఆయనుంటే మనవరాలికి వినబడుతుందంటే తన పంచె కూడా ఇచ్చేవాడు," అన్నాను. కోటిలింగం తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఏమైనా కావాలంటే బానతో చెప్పేవాడు. "ఈ బాన కింద మంట తగ్గించాలి," అని గాలిలోకి అనేవాడు.

పటిక లేని గుడ్డ ఎండలో పెట్టిన రోజు మీటరు ముల్లు చివరిదాకా పోయి కొట్టుకుంది. టింక్చరు ఆరిపోకుండా పైన మైనం పూత పూసి, ఆ గుడ్డతో వకుళకు పరికిణీ కుట్టాం. నడుం దగ్గర కొక్కెం, అక్కడి నుంచి సన్నటి తీగ. ఆ తీగను వీపు మీదుగా తెచ్చి రిబ్బనుతో కలిపి జడలో అల్లేశాను. చూసేవాళ్ళకు జడే కనబడుతుంది. బళ్ళో యూనిఫాం మీద పరికిణీ కట్టుకోవడానికి హెడ్మాస్టరు ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రం పిల్ల బడి నుంచి వచ్చేసరికి మిషను ఇంకా పనిచేస్తోంది. ఎప్పుడూ ఆ వేళకు దానికి ఏమీ వినబడేది కాదు. గుమ్మంలోనే ఆగిపోయింది. వంటింట్లో నేను పోపు వేస్తున్నాను.

"నానమ్మా, అదేంటి?"

"ఏదే?"

"చుయ్యి! చుయ్యి అంది!"

ఆవాలు చిటపటలాడటం అది పుట్టాక మొదటిసారి విన్నది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ వేశాను. ఆ పూట మా పప్పులో పప్పు కన్నా పోపే ఎక్కువ. పెరట్లో బాతుల అరుపు, చేద బావిలో పడ్డ చప్పుడు, వాళ్ళ నాన్న సైకిల్ స్టాండు వేసిన చప్పుడు, అన్నిటికీ పేర్లు అడిగింది. ప్రసూన వంటింటి గోడకానుకుని నిలబడి చీర చెంగుతో మొహం కప్పుకుంది. "ఏడుస్తున్నావా అమ్మా? అది వినబడుతుందా?" అని అడిగింది పిల్ల. దానికి ప్రసూన పకపకా నవ్వింది.

ఇంతవరకు బాగుంది. కొన్నాళ్ళకు పరికిణీ ఎరుపు తగ్గుతూ వచ్చింది. తీగలోకి కరెంటు వెళ్ళినప్పుడల్లా రంగు తనలో కాస్త పోగొట్టుకుంటోందని ప్రసూన కనిపెట్టింది. మిషను ఆపి ఎండలో ఆరేస్తే ఏమీ కాదు. వింటుంటేనే వెలుస్తుంది. మాకది పెద్ద విషయంగా తోచలేదు. వేడినీళ్ళలో మైనం తీసి మళ్ళీ ముంచితే సరి. వేర్లు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను.

కానీ పిల్లకది పెద్ద విషయమేనని మేం గమనించలేదు. జ్యోతిర్మయి మేడమ్ మళ్ళీ వచ్చినప్పుడు, పిల్లను చూసి మొహం చిన్నబుచ్చుకుంది.

"పోయినసారి పూర్తి మాటలు చెప్పింది ప్రసూన గారూ. ఇప్పుడు నీళ్ళు కావాలన్నా చేత్తోనే చూపిస్తోంది. టీచరును అడిగాను. బడికి రాగానే బిళ్ళ తీసి జేబులో పెట్టుకుంటోందట. ఇలాగే సాగితే మనం చేసిందంతా వృథా."

ప్రసూన పిల్లకు బిళ్ళ పెట్టబోతే అది రెండు చేతులతో తల మూసుకుంది. ఇద్దరూ పెనుగులాడారు. నేను వాళ్ళను విడదీసి, పిల్లను అరుగు మీద కూర్చోబెట్టుకుని పలక తీశాను. ఎందుకు తీశావు అని రాశాను.

అది రాసింది: మాటలు ఎరుపును తింటున్నాయి.

మళ్ళీ వేస్తాను కదా, అని రాశాను.

అది పరికిణీ అంచును గుప్పిట్లో పట్టుకుని, ఎడం చేత్తో రాసింది: అది వేరే ఎరుపు. ఇది నాది.

జీవితమంతా వెలవని రంగు వేసినదాన్ని. ఆ పిల్ల బాధ నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? అయినా దాని మాటల సంగతేమిటి? ప్రసూన వేరే రంగు చూపించింది, పసుపు, నీలం. వద్దంది. ఎరుపే కావాలి, అదీ తగ్గకూడదు. కొన్ని రోజులు ఇల్లంతా పలకల మీదే నడిచింది. వాళ్ళ నాన్న భోజనానికి కూర్చుని ఒక్క ముద్ద కూడా ఎత్తలేకపోయాడు.

కనీసం రెండు పరికిణీలుంటే ఒకటి దాచుకుని ఒకటి కట్టుకుంటుందేమోనని రెండోది మొదలుపెట్టాను. ప్రసూన పూత పూసిన ముక్కలు అంతకుముందు చెడినప్పుడు మిగిలినవి ఒక మూలన ఉన్నాయి. అందులో పెద్దది తీసి ఎరుపులో ముంచి కుట్టించాను. పిల్ల పాతదాన్ని మడిచి పెట్టెలో దాచి, నా బలవంతం మీద కొత్తది కట్టుకుంది. ఇది తన ఎరుపు కాదు కాబట్టి పోయినా ఫరవాలేదన్నట్టు, మూతి ముడుచుకునే బిళ్ళ పెట్టనిచ్చింది.

మూడో నాలుగో రోజున అనుకుంటాను, నేను కాలవలో గుడ్డలు జాడిస్తున్నాను. గట్టు మీద నుంచి కేక. పాము కరిచిందేమోనని తడి గుడ్డలు వదిలేసి పరిగెత్తాను. వకుళ పరికిణీని ముందుకు చాపి పట్టుకుని గెంతుతోంది.

"నానమ్మా! చిలక! చిలక వచ్చింది!"

చూస్తే నిజమే. పరికిణీ చాలాచోట్ల లేత గులాబీ రంగుకు తిరిగింది. మోకాలి దగ్గర మాత్రం ఒక తోక, ఒక రెక్క, నేను బానలోంచి తీసినప్పటి ముదురు ఎరుపులోనే నిలబడి ఉన్నాయి. మెడ సగం వరకే తేలింది. మిగతాది ఇంకా చుట్టూ ఉన్న ఎరుపులో కలిసి ఉంది.

నాకు అప్పుడు అర్థమైంది. మా అద్దకంలో పటికను బంకతో కలిపి అచ్చుతో గుడ్డ మీద అద్దుతాం. ఆరాక అది కంటికి కనబడదు. బానలో ఉడికాక పటిక ఉన్నచోట ఎరుపు కట్టుబడిపోతుంది. తెల్లగుడ్డ ఖాళీగా పడి ఉంటే చూడలేని కోటిలింగం, కొత్త అచ్చు ఎలా పడుతుందో చూద్దామని ఆ ముక్క మీద పటిక అద్ది, మర్చిపోయాడు. మామూలు ఎరుపు కరెంటుకు పోయింది. పటిక పట్టుకున్న ఎరుపు ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. అలాగే ఉండిపోయింది.

"ఇది పోదా?" అంది పిల్ల, తోక మీద వేలు పెట్టి.

"పోదు. చిరిగినా పోదు."

"మరి ముక్కేది?"

"ఇంకా రాలేదు."

"ఎప్పుడొస్తుంది?"

"నువ్వు వింటుంటే వస్తుంది."

వకుళ తలకున్న బిళ్ళను గట్టిగా నొక్కి చూసుకుంది. "అయితే బాతుల దగ్గరికి వెళ్దాం. అవి ఎక్కువ అరుస్తాయి," అంది.

ఆ సాయంత్రానికి ముక్కు వచ్చింది. ఒకటి కాదు, రెండు. అచ్చు జారి కోటిలింగం మళ్ళీ కొట్టినట్టున్నాడు. పిల్ల రెండు ముక్కుల చిలకను వీధి వీధికీ చూపించింది. విషయం ఆయనదాకా పోయింది. వెలిసిన గుడ్డ ఊరంతా తిరుగుతోందని మండిపడుతూ మా వాకిట్లోకి వచ్చాడు. పరికిణీ చూసి ఆగాడు. వంగి, కళ్ళజోడు పైకెత్తి, చిలకను గోటితో గీకి చూశాడు. ఉమ్మితో రుద్దాడు.

"చుట్టూ అంతా పోయిందా?"

"పోయింది."

"నాది పోలేదా?"

"పోలేదయ్యా."

"చూశావా వదినా!" అన్నాడు, గొంతు పగిలేలా. "నా పటిక! అదీ పటికంటే!" ఆ తర్వాత రెండో ముక్కు చూసుకుని కాస్త సిగ్గుపడ్డాడు. "ఇది... ఇది చిలక తల తిప్పుతోందమ్మా. అందుకని అలా ఉంది."

"అబద్ధం చిన్నతాతా," అంది వకుళ. దానికి ఆ మాట ఎవరు నేర్పారో గానీ, స్పష్టంగా పలికింది.

అప్పటినుంచి కోటిలింగాన్ని పట్టుకోలేకపోతున్నాం. ఏ పరికిణీలో ఏం దాచాడో ఎవరికీ చెప్పడు. తలుపు గడియ పెట్టుకుని అద్దుతాడు. ఒకసారి చేపలు వచ్చాయి, ఒకసారి బస్సు వచ్చింది, ఒకసారి కల్లుకుండ వస్తే ప్రసూన కోప్పడింది. బొమ్మ పెద్దదైతే కరెంటు తగ్గుతుంది కాబట్టి వాళ్ళిద్దరికీ రోజూ తగువే.

"మావయ్యగారూ, ఏనుగు మరీ పెద్దదైపోయింది. మిషనుకు చాలట్లేదు."

"ఏనుగును చిన్నగా ఎలా వేస్తారమ్మా? పిల్లి అనుకోరూ?"

చివరికి ఏనుగును అలాగే ఉంచి, పరికిణీకి కుచ్చిళ్ళు పెంచాం. ఇప్పుడు వకుళ నడుస్తుంటే చిన్న గుడారం కదిలినట్టుంటుంది. జ్యోతిర్మయి మేడమ్ దగ్గరకు వచ్చే పిల్లల్లో ఇంకొందరు మా పరికిణీలు, మగపిల్లలైతే భుజం మీద కండువాలు వేసుకుంటున్నారు. రంగు వెలిసిపోగానే వస్తారు, మళ్ళీ కొత్త ముక్క తీసుకెళ్తారు. వెలిసినవాటిని ఎవరూ తిరిగివ్వరు. బొమ్మలున్నాయిగా.

మేడమ్ మొన్న వచ్చి పిల్లను చూసి, నోరు తెరిచే సందు దొరక్క కూర్చుంది. వకుళే మాట్లాడుతూ ఉంది మరి. ఆవిడ అడగబోయిన ప్రశ్నలు కూడా అదే అడిగింది. వెళ్ళేటప్పుడు ప్రసూనతో, "ఇక మాటలు ఆపడం ఎలాగో నేర్పమంటారా?" అంది.

ఈ కథ రాస్తున్న ఇవాళ పొద్దున కూడా అది బడి లేదని నన్ను కాలవగట్టు మీద ఎండలో కూర్చోబెట్టింది. కొత్త పరికిణీ. నేను దానికి నా పెళ్ళి ముచ్చట్లు చెప్పాను. మా అమ్మ సంగతి, వరదలో కొట్టుకుపోయిన మా బాన సంగతి, వాళ్ళ తాత పాటలు పాడితే కుక్కలు వచ్చి కూర్చున్న సంగతి చెప్పాను. చెప్పేవి అయిపోయాయి. గొంతు ఎండింది. పరికిణీ మీద చూస్తే ఒక కాలు, కాలికి గజ్జెలాంటిది ఏదో, ఆ పైన ఒక వంపు తేలాయి.

"ఇదేంటి నానమ్మా? మనిషా? నెమలా?"

"నాకేం తెలుసే. మీ చిన్నతాత చెప్పడుగా."

వకుళ కుచ్చిళ్ళు ఎండకు పరిచి సర్దుకుంది. నా ఒడిలో తల పెట్టి, చెవి పైకి తిప్పుకుంది.

"అయితే ఇంకా మాట్లాడు."

తుమ్మా మాణిక్యాంబ
వయసు అరవై ఎనిమిది
కాలవగట్టు వీధి, పల్లెరేవు, బందరు దగ్గర